ఫాస్టర్ కేర్ కింద ఒక పాపను మా ఇంట్లో పెంచాలనుకుంటున్నాం; తెలిసినవారు సలహా ఇవ్వగలరు

ప్రశ్న: కరీంనగర్ జిల్లా నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మాది కరీంనగర్ జిల్లాలోని ఒక మండల కేంద్రం. మా ఆయన ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు, నేను ఇంటి దగ్గరే బట్టలు కుడతాను. ఆయనకు 44 ఏళ్లు, నాకు 41. మాకు ఆరో తరగతి చదువుతున్న బాబు ఒక్కడే సంతానం. అత్తమ్మ మాతోనే ఉంటారు.

పోయిన సంవత్సరం మా ఆయన బడిలో చదువుతున్న ఒక పాప, తల్లి జబ్బుపడి తండ్రి పట్టించుకోకపోవడంతో, పరీక్షలైనా రాయకుండానే వేరే ఊరిలోని బాలసదనానికి వెళ్లిపోయింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఇదే చర్చ. వేళకు అన్నం, పడుకోవడానికి చోటు, దగ్గర కూర్చోబెట్టుకొని చదివించే మనిషి ఉన్న ఇల్లు మాది. ఇలాంటి పిల్లల్లో ఒక్కరికైనా నీడ కాలేమా అని మా ఆయన అడిగారు. విచారిస్తే దత్తతకు దరఖాస్తు చేసి ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవారు ఎందరో ఉన్నారని, అయితే దత్తత తీసుకోకుండానే పిల్లను కొంతకాలం ఇంట్లో పెంచే ఫాస్టర్ కేర్ అనే మరో ఏర్పాటు ఉందని, దాని గురించి తెలిసిన కుటుంబాలు చాలా తక్కువని చెప్పారు. ఎనిమిది నుంచి పదేళ్ల లోపు ఆడపిల్ల అయితే బాగుంటుందని అనుకుంటున్నాం.

మా సందేహాలు ఇవి. దత్తతకు, దీనికి చట్టంలో ఉన్న తేడా ఏమిటి? పాప కన్నవాళ్లు వచ్చి అడిగితే పంపించేయాల్సిందేనా? ప్రభుత్వం నెలనెలా కొంత డబ్బు ఇస్తుందని విన్నాం. అది తీసుకుంటే ఊళ్లో వాళ్లు డబ్బు కోసం పెంచుతున్నారని అనరా? అత్తమ్మ మంచి మనిషే గానీ, ఏ ఇంటి పిల్లో, ఏ కులమో తెలియకుండా వంటింట్లోకి ఎలా రానిస్తామని రెండు మూడుసార్లు అన్నారు. బంధువుల్లో ఒకరైతే, ఇంత తంటా ఎందుకు, తనకు తెలిసిన నర్సు ఉందని, కాస్త ఖర్చు పెట్టుకుంటే పసిబిడ్డనే ఇప్పిస్తుందని చెప్పారు. ఆ మాట మాకు నచ్చలేదు, కానీ అది ఎంతవరకు తప్పో వాళ్లకు వివరంగా చెప్పలేకపోయాం.

అన్నిటికంటే నన్ను నిద్రపోనివ్వనిది రెండో ప్రశ్న. రెండేళ్లో మూడేళ్లో మనసుపెట్టి పెంచిన పిల్లను ఒకరోజు పంపించేయమంటే నేను తట్టుకోగలనా? మా బాబు తట్టుకోగలడా? ఇది దాటివచ్చినవారు ఎవరైనా ఉంటే దయచేసి రాయండి.

జవాబు: బాలల సంక్షేమ కమిటీ మాజీ సభ్యుడు

అమ్మా, మీరు దరఖాస్తు పెట్టకముందే ఈ ప్రశ్నలు అడగడం చాలా మంచిది. సంరక్షణ అవసరమైన పిల్లలను ఎక్కడ ఉంచాలో తేల్చేది బాలల సంక్షేమ కమిటీ; నేను మూడేళ్ల పదవీకాలం ఒక జిల్లాలో ఆ కమిటీలో పనిచేశాను. మాకు అందిన దరఖాస్తుల్లో చాలావాటికి మూలం దత్తత దొరకక ఇటు రావడమే; అలా వచ్చినవారికి నేను మొదట చెప్పిన సంగతే మీకూ చెబుతాను.

2015 నాటి బాలల న్యాయ చట్టం 2016 జనవరి 15 నుంచి అమలులో ఉంది. దానిలోని 44వ సెక్షన్ ఫాస్టర్ కేర్‌కు ఆధారం. దత్తతలో బిడ్డకు కన్నవాళ్లతో ఉన్న చట్టబంధం తెగిపోయి, పెంచుకున్నవాళ్లే అన్ని విధాలా తల్లిదండ్రులవుతారు, ఆస్తిలో హక్కు కూడా వస్తుంది. 2022 సెప్టెంబరు నుంచి ఆ ఉత్తర్వు ఇచ్చే అధికారం కోర్టు నుంచి జిల్లా కలెక్టరుకు మారింది. ఫాస్టర్ కేర్‌లో ఆ బంధం అలాగే ఉంటుంది. పాప ఇంటిపేరు మారదు, మీ ఆస్తిలో వారసత్వం రాదు, ఆమె విషయంలో పెద్ద నిర్ణయాలన్నీ కమిటీకి తెలియజేసి తీసుకోవాలి. తిండి, చదువు, ఆరోగ్యం బాధ్యత మాత్రం పూర్తిగా మీదే.

ఈ ఏర్పాటులోకి వచ్చే పిల్లలు ఎవరో అర్థమైతే మీ రెండో ప్రశ్నకు జవాబు సగం దొరుకుతుంది. తల్లి మానసిక వ్యాధికి చికిత్స పొందుతూ ఉండవచ్చు, తండ్రి జైలులో ఉండవచ్చు, ఇద్దరూ ఉన్నా పిల్లను సాకే స్థితిలో లేరని కమిటీ తేల్చి ఉండవచ్చు. లేదా ఏళ్ల తరబడి బాలసదనం లాంటి సంస్థలో ఉన్నా చూడడానికి ఎవరూ రాని పిల్ల కావచ్చు. దత్తతకు అర్హులని కమిటీ ప్రకటించిన పిల్లలను దీర్ఘకాలపు ఫాస్టర్ కేర్‌కు ఇవ్వకూడదని చట్టమే చెబుతోంది, ఎందుకంటే వాళ్లకు శాశ్వతమైన కుటుంబం దొరికే దారి ముందు మూసుకుపోకూడదు. కాబట్టి మీ ఇంటికి వచ్చే పాపకు ఎక్కడో ఒక అమ్మో, నాన్నో, అమ్మమ్మో ఉండే అవకాశమే ఎక్కువ. వాళ్లు కమిటీ అనుమతితో పాపను అప్పుడప్పుడు కలుసుకుంటారు. అలా కలవడం వద్దని కమిటీ అనుకుంటే ఆ కారణాన్ని రాతపూర్వకంగా నమోదు చేయాలి. వాళ్లు కోలుకున్నారని విచారణలో తేలితే పాప తిరిగి వెళుతుంది. ఎవరో వచ్చి గుమ్మం ముందు నిలబడి అడిగినంత మాత్రాన మీరు పంపించాల్సిన పనిలేదు, పంపించకూడదు కూడా. కమిటీ ఉత్తర్వు ఉంటేనే పాప మీ ఇల్లు దాటాలి. ఆ ఉత్తర్వు వచ్చిన రోజున మాత్రం సంతోషంగా సాగనంపగలిగిన కుటుంబమే దీనికి తగిన కుటుంబం అని నా నమ్మకం. అది మీవల్ల కాదనిపిస్తే సంకోచపడకుండా దత్తతకే నమోదు చేసుకొని ఎదురుచూడండి, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

మధ్యలో ఒక దారి కూడా ఉంది. 2024లో కేంద్రం విడుదల చేసిన నమూనా మార్గదర్శకాల ప్రకారం, రెండేళ్లు ఫాస్టర్ కేర్‌లో ఉన్న పిల్ల చట్టప్రకారం దత్తతకు అర్హురాలైతే ఆ కుటుంబమే దత్తత కోరవచ్చు. అంతకు ముందు ఈ గడువు అయిదేళ్లు. ఆ మార్గదర్శకాలతోనే 35 నుంచి 60 ఏళ్ల మధ్య వయసున్న ఒంటరి స్త్రీలకు, పురుషులకు కూడా అవకాశం కల్పించారు, ఒంటరి పురుషునికి మాత్రం మగపిల్లవాడినే ఇస్తారు. అయితే దత్తతకు ఇది దగ్గరి దారి అనుకొని దయచేసి రావద్దు. అలా వచ్చినవారు పాప తల్లి ఆరోగ్యం కుదుటపడిందన్న కబురు విని ముఖం మాడ్చుకోవడం నేను చూశాను. ఆ ముఖాలను పిల్లలు మనకంటే ముందే చదువుతారు.

పద్ధతి ఇలా ఉంటుంది. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో గానీ, కేంద్ర దత్తత వనరుల సంస్థ పోర్టల్‌లో గానీ దరఖాస్తు చేసుకోవాలి. తెలంగాణలో ఈ విభాగం సాధారణంగా బాల రక్షా భవన్‌లోనే ఉంటుంది. ఆధార్, ఆదాయ ధ్రువీకరణ, వివాహ ధ్రువీకరణ, వైద్య పరీక్షల నివేదికలు, మిమ్మల్ని ఎరిగిన ఇద్దరి వివరాలు అడుగుతారు, పోలీసు విచారణ ఉంటుంది. తరువాత సామాజిక కార్యకర్త మీ ఇంటికి వచ్చి గృహ అధ్యయనం చేస్తారు. ఈ సందర్శనలో అత్తమ్మ గారితో, మీ బాబుతో కూడా విడివిడిగా మాట్లాడతారు. ఇంటిల్లిపాదికీ ఇష్టం లేదని తేలితే అక్కడే ఆగిపోతుంది. జిల్లా స్థాయి ఆమోద కమిటీ పరిశీలించాక, పాప అభిప్రాయం కూడా విని, బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు ఇస్తుంది; మీరు హామీ పత్రం రాసి ఇస్తారు. మొదట ఏడాదికి మించని గడువుతో ఇచ్చి, బాగా కుదిరితే పొడిగిస్తారు. ఆపైన నెలనెలా తనిఖీ ఉంటుంది. దాన్ని అనుమానంగా భావించకండి. పాపకు మీ గురించి చెప్పుకునే ఒక మనిషి బయట ఉండడం ఆమెకు అవసరం.

డబ్బు సంగతి. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద పిల్లకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. అది పాపకు రావలసిన సొమ్ము, మీ జీతం కాదు. మీకు అవసరం లేకపోతే ఆమె పుస్తకాలకు, కంటి అద్దాలకు, పై చదువుకు దాచండి, లెక్క రాసి పెట్టండి. ఊరివాళ్ల మాటకు భయపడి పాప హక్కును వదులుకోవద్దు.

అత్తమ్మ గారి మాట చిన్నది కాదు. పిల్ల పెరిగిన ప్రాంతం, భాష, తిండి అలవాట్లకు దగ్గరగా ఉన్న ఇంటిని మేము చూసేది పిల్ల సౌకర్యం కోసమే గానీ, కుటుంబం కులం చూసి పిల్లను ఏరుకోవడానికి కాదు. వేరే కంచం, వేరే గ్లాసు పెట్టే ఇంటికి నేనైతే ఏ పిల్లనూ పంపను. ఆమె మనసు మారేవరకు మీరు దరఖాస్తు ఆపడమే న్యాయం. నర్సు ద్వారా ఇప్పిస్తానన్న బంధువుకు మాత్రం ఇది చదివి వినిపించండి: చట్టబద్ధమైన పద్ధతి తప్పించి బిడ్డను ఇచ్చినా, తీసుకున్నా 80వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, డబ్బు చేతులు మారితే 81వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు కఠిన కారాగారం. శిక్ష సంగతి అలా ఉంచినా, ఆ బిడ్డ తల్లి ఎవరో, ఆమెను ఒప్పించారో, మోసగించారో మీకు ఎప్పటికీ తెలియదు.

జవాబు: తూర్పు గోదావరి వైపు నుంచి ఒక పెంచిన తల్లి

సోదరి గారికి నమస్కారం. పెద్దాయన చట్టం అంతా చెప్పారు కాబట్టి నేను ఇంట్లో జరిగేది రాస్తాను. పాప పేరు, ఊరు రాయను. ఇలాంటి పిల్లల పేరు గానీ, ఫొటో గానీ, బడి గానీ బయటపెట్టడం 74వ సెక్షన్ కింద నేరం. మొదటి రోజే మాకు గట్టిగా చెప్పారు. పుట్టినరోజు ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే అలవాటు మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే ఇప్పుడే చెప్పి ఉంచండి.

మా ఇంటికి వచ్చేనాటికి పాపకు తొమ్మిదేళ్లు. వాళ్ల అమ్మ ఆసుపత్రిలో ఉండేది, నాన్న లేడు. వచ్చిన కొత్తలో ఏడవలేదు, అల్లరి చేయలేదు, ఏదీ అడగలేదు. చుట్టాలు ఎంత బుద్ధిమంతురాలో అని మెచ్చుకుంటుంటే నాకు మాత్రం భయం వేసేది. నీళ్లు తాగాలన్నా నా దగ్గరికి వచ్చి చేతులు కట్టుకొని నిలబడి, “మేడమ్, తాగనా?” అని అడిగేది. తిన్న కంచం తనే కడిగి, తుడిచి, బోర్లించి నాకు చూపించేది. రాత్రి పడుకునేముందు తన బట్టలన్నీ మడతపెట్టి బడి సంచిలో కుక్కి, జిప్పు వేసి, ఆ సంచిని తలగడ పక్కన పెట్టుకొని పడుకునేది. బీరువాలో ఒక అర ఖాళీ చేసి ఇది నీదేనని చెప్పినా సంచి ఖాళీ చేయలేదు. అప్పటికే ఆమెను ఒక చోటి నుంచి మరో చోటికి రెండుసార్లు మార్చారు. రెండుసార్లూ తెల్లవారాక లేపి, పద అన్నారట. సంచి సర్దుకొని పడుకోవడం ఆమె నేర్చుకున్న జాగ్రత్త. నేను దాన్ని మాన్పించాలని చూడలేదు. ఎక్కడికైనా వెళ్లవలసి వస్తే చాలా రోజుల ముందే నీకు చెబుతాం, నీతో పాటు మేమూ వస్తాం అని మాత్రం చెప్పేదాన్ని. వినాయక చవితికి వచ్చిన పాప సంక్రాంతికి మా ఊరు బయలుదేరేటప్పుడు, పండుగ గౌను బీరువాలో ఉంది తెచ్చుకుంటానని తనంతట తాను అంది. సంచిలోంచి బట్టలు ఎప్పుడు బీరువాలోకి చేరాయో నేను గమనించనే లేదు.

ఏమని పిలవాలన్నది మీకూ వస్తుంది. అమ్మ అని పిలవమని నేను అడగలేదు, వాళ్ల అమ్మ బతికే ఉంది. పిన్ని అని పిలవమన్నాను. బడిలో ఎవరైనా అడిగినా ఆ పిలుపుతో సరిపోయేది, ఆ పిల్ల అబద్ధం చెప్పవలసిన పని ఉండేది కాదు. వాళ్ల అమ్మ ఆరోగ్యం కుదుటపడ్డాక కమిటీ కార్యాలయంలో నెలకోసారి కలిపించేవారు. కలిసి వచ్చిన రోజు పాప అన్నం తినేది కాదు, మరుసటి రోజు మా అమ్మాయితో అకారణంగా గొడవ పడేది. ఇది చూసి చాలామంది, ఆ తల్లిని కలవనివ్వడం వల్లే పిల్ల పాడవుతోందని అన్నారు. వాళ్ల మాట వినకండి. తల్లి బతికే ఉందని, కోలుకుంటోందని కళ్లతో చూడడం ఆ పిల్లకు అన్నం కంటే ముఖ్యం. ఆ సాయంత్రాలు నేను పెద్ద వంట పెట్టుకోకుండా పెరుగన్నం కలిపి ఉంచేదాన్ని, ఎప్పుడు తినాలనిపిస్తే అప్పుడు తినేది.

మీ బాబు గురించి అడిగారు. మా అమ్మాయి మొదట ఎంతో సరదా పడింది, తరువాత కొన్నాళ్లు పాప అంటేనే ముఖం తిప్పుకుంది, ఎందుకంటే పాప తప్పు చేస్తే నేను నెమ్మదిగా చెప్పేదాన్ని, తను చేస్తే కసిరేదాన్ని. అది నిజమే గనుక తనకు విడిగా సమయం కేటాయించడం మొదలుపెట్టాను. ఆదివారం చేపల మార్కెట్‌కు మేమిద్దరమే వెళ్లేవాళ్లం.

ఇక మీ నిద్ర చెడగొడుతున్న ప్రశ్న. పాప వెళ్లిపోయింది. వాళ్ల అమ్మ కోలుకొని, తన అన్నగారి ఊళ్లో పని చూసుకొని, సొంతంగా అద్దె ఇల్లు తీసుకున్నాక కమిటీ విచారణ చేసి పంపించింది. చెప్పాపెట్టకుండా కాదు, ముందు శని, ఆదివారాలు, తరువాత దసరా సెలవులు అక్కడ గడిపాక, ఆ తరువాత పూర్తిగా. నేను ఏడ్చాను, మా ఆయన రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు, మా అమ్మాయి పాప మంచం తీయనివ్వలేదు. తట్టుకోగలమా అని అడిగితే, తట్టుకున్నాం అనే చెబుతాను. వెళ్లేటప్పుడు ఒక ఫైలు ఇచ్చి పంపాను: టీకాల కార్డు, కంటి పరీక్ష చీటీ, ప్రతి తరగతి ప్రోగ్రెస్ కార్డు, మా ఇంట్లో దిగిన ఫొటోలు. కమిటీ అనుమతితో వాళ్ల అమ్మే ఫోన్ చేయిస్తుంది. మొన్న లెక్కల్లో తక్కువ మార్కులు వచ్చాయని, అమ్మకు ఇంకా చెప్పలేదని నాకు ముందు చెప్పింది. అమ్మకు చెప్పి సంతకం పెట్టించుకోమన్నాను. మేము మరో పాప కోసం మళ్లీ పేరు నమోదు చేసుకున్నాం.

ప్రశ్న: ప్రకాశం జిల్లా నుంచి ఒక అమ్మమ్మ తరఫున

ఇదే విషయానికి సంబంధించినది కనుక అడుగుతున్నాను. మా పక్కింటి పెద్దావిడ కూతురు, అల్లుడు ఇద్దరూ చనిపోయారు. ఇద్దరు మనవళ్లను ఆమే సాకుతోంది. ఆమెకు వచ్చే పింఛను తప్ప ఆధారం లేదు. పిల్లలను హాస్టల్లో వేయమని అందరూ చెబుతున్నారు. ఆమెకు ఈ ఫాస్టర్ కేర్ డబ్బు వస్తుందా?

జవాబు: బాలల సంక్షేమ కమిటీ మాజీ సభ్యుడు

అమ్మమ్మ పిల్లలకు సొంత మనిషే గనుక ఫాస్టర్ కేర్ అనరు. ఆమెకు వర్తించేది 45వ సెక్షన్ కింద ఉన్న స్పాన్సర్‌షిప్. తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరుగుతున్న పిల్లలు అందులోకి వస్తారు. ఇచ్చే సొమ్మూ అంతే, ఒక్కో పిల్లకు నెలకు 4,000 రూపాయలు. కుటుంబ వార్షికాదాయం పల్లెల్లో 72,000, ఇతర చోట్ల 96,000 రూపాయలు మించకూడదు. ఇద్దరి మరణ ధ్రువీకరణ పత్రాలు, పిల్లల ఆధార్, బడిలో చదువుతున్నట్టు ధ్రువీకరణ, ఆదాయ పత్రం పట్టుకొని జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లమనండి. దారి తెలియకపోతే అంగన్‌వాడీ టీచరును అడిగినా, 1098కి ఫోన్ చేసినా చెబుతారు. మన పల్లెల్లో పెంచేది ఎక్కువగా అమ్మమ్మలు, మేనత్తలే. వాళ్లకు ఈ చేయూత అందక, పేదరికం ఒక్కటే కారణంగా పిల్లలు హోముల పాలవుతున్నారు. సంస్థలో చేర్చడం అన్ని దారులూ మూసుకుపోయాకే అని చట్టం మూడో సెక్షన్‌లోనే సూత్రంగా రాసి ఉంది. దయచేసి మీరే ఆమె వెంట వెళ్లండి.

జవాబు: బాలసదనంలో పెరిగిన ఒక నర్సు

అక్కా, నేను ఏడేళ్ల వయసు నుంచి ఇంటర్ వరకు బాలసదనంలో పెరిగాను. నాకు ఫాస్టర్ కుటుంబం దొరకలేదు. అక్కడి ఆయాలు కొందరు నన్ను ప్రేమగానే చూశారు, కాబట్టి ఫిర్యాదుగా రాయడం లేదు. అయితే మీ ప్రశ్నలోని ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. ఎనిమిది నుంచి పదేళ్ల లోపు ఆడపిల్ల, ఒక్కతే కావాలని మీరు అనుకుంటున్నట్టు అర్థమైంది.

నాకు ఒక తమ్ముడు ఉన్నాడు. మమ్మల్ని తెచ్చిన రోజు సాయంత్రం వరకు ఒకే బల్ల మీద కూర్చున్నాం. ఆడపిల్లల హోం వేరు, మగపిల్లల హోం వేరు కనుక వాడిని ఇంకో ఊరికి పంపారు. వాడికి అప్పుడు అయిదేళ్లు, లాగు గుండీ తనంతట పెట్టుకోవడం కూడా రాదు. ఆ తరువాత ఏడాదికి ఒకటి రెండుసార్లు కలిశాం. పదో తరగతిలో కలిసినప్పుడు వాడు నన్ను మీరు అని పిలిచాడు. అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను విడదీయకుండా ఒకే ఫాస్టర్ కుటుంబంలో ఉంచాలని, అది వాళ్లకు మేలు కాదనుకుంటే తప్ప, 44వ సెక్షన్‌లోనే ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కానీ ఇద్దరిని కలిపి తీసుకునే ఇల్లు ఉంటేనే కదా ఆ మాట అమలయ్యేది. మీకు ఒక గది ఉంది, చదివించే మాస్టారు ఉన్నారు. ఇద్దరైతే కుదురుతుందా అని ఒకసారి ఆలోచించండి. కుదరకపోతే దరఖాస్తులో ఒక్కరే అని స్పష్టంగా రాయండి, అది కూడా మంచిదే. ఇద్దరిని తెచ్చి ఒకరిని వెనక్కి పంపడం కంటే నయం.

ఇంకొక్క విన్నపం. పాప కథను బంధువులకు చెప్పకండి. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎవరో ఒకరు మీ నాన్న ఏం చేసేవాడు, ఎందుకు వదిలేశాడు అని అడుగుతారు. పాప తలవంచుకొని జవాబు చెప్పకముందే మీరు ఆ మాట మళ్లించండి. పుణ్యం చేస్తున్నావమ్మా అని మిమ్మల్ని ఆమె ఎదుట పొగిడేవాళ్లనూ ఆపండి. మా హోంకు పుట్టినరోజులకు కేకులు తెచ్చి, మమ్మల్ని వరుసలో నిలబెట్టి ఫొటోలు తీసుకొని వెళ్లేవాళ్లు ఎందరో వచ్చేవారు. మా పుట్టినరోజు ఎప్పుడని అడిగినవాళ్లు తక్కువ.

పద్దెనిమిది నిండాక ఏమవుతుందని మీరు అడగలేదు, కానీ తెలుసుకోండి. ఆ వయసుతో ఫాస్టర్ కేర్ ముగుస్తుంది, 46వ సెక్షన్ కింద ఆ తరువాతి సంరక్షణకు సాయం ఉంటుంది. నేను నర్సింగ్ చదివింది దానివల్లే. అయితే జ్వరం వస్తే ఏ ఇంటికి వెళ్లాలన్నది ఏ పథకంలోనూ ఉండదు. పాప మీ దగ్గర ఆ వయసు దాకా ఉంటే, సెలవులకు వచ్చే ఇల్లు ఇదేనని ముందుగానే చెప్పండి.

ప్రశ్న అడిగిన తల్లి మళ్లీ

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. జవాబులన్నీ మా ఆయన రాత్రి గట్టిగా చదివారు, అత్తమ్మ కూడా విన్నారు. వంటింటి మాట గురించి ఆమె ఇంకా ఏమీ అనలేదు. నర్సు చెల్లెలు రాసిన లాగు గుండీ సంగతి దగ్గర మాత్రం కళ్లు తుడుచుకొని, ఇద్దరైతే ఇద్దరు అని లేచి వెళ్లిపోయారు. ఆ ఒక్క మాటకే మేము తొందరపడం. ఆమెతో ఇంకా మాట్లాడాలి, బాబుతో కూడా మాట్లాడాలి. పాప వెళ్లిపోవడం గురించి గోదావరి సోదరి రాసింది చదివాక నా భయం పోలేదు గానీ, అది దరఖాస్తు ఆపేంత భయంగా ఇప్పుడు అనిపించడం లేదు.

రెండు చిన్న విషయాలు మిగిలాయి. విద్యా సంవత్సరం మధ్యలో వస్తే బదిలీ పత్రం లేకుండా బడిలో చేర్చుకుంటారా? మా ఇంట్లో పడకగదులు రెండే. బాబు, పాప ఒకే గదిలో పడుకుంటే అభ్యంతరం చెబుతారా?

జవాబు: బాలల సంక్షేమ కమిటీ మాజీ సభ్యుడు

బడికి ఇబ్బంది లేదమ్మా. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి వరకు బదిలీ పత్రం ఆలస్యమైందని గానీ, వయసు ధ్రువీకరణ లేదని గానీ ప్రవేశం నిరాకరించకూడదు. మాస్టారికి ఇది తెలిసే ఉంటుంది. కమిటీ ఉత్తర్వు నకలు ప్రధానోపాధ్యాయులకు మాత్రమే చూపించి, తరగతి గదిలో ఆ మాట రాకుండా చూడమని కోరండి.

గది విషయంలో పిల్లలిద్దరికీ వేర్వేరు చోట్లు ఉండాలి. అత్తమ్మ గారి గదిలో పాపకు మంచం వేస్తారా, బాబు మంచం హాల్లోకి మారుస్తారా అన్నది గృహ అధ్యయనానికి వచ్చేవారు తప్పకుండా అడుగుతారు. ఏ ఏర్పాటైనా ముందుగా బాబును అడిగి చేయండి. తన గది తనకు చెప్పకుండా పోతే ఆ కోపం పాప మీదకు మళ్లుతుంది. బాల రక్షా భవన్‌కు మొదటిసారి వెళ్లేటప్పుడు దరఖాస్తు ఇవ్వాలన్న తొందర పెట్టుకోకుండా మీరిద్దరూ, వీలైతే అత్తమ్మ గారు కూడా, కలిసి వెళ్లండి. ఫాస్టర్ కేర్ చూసే సంస్థేతర సంరక్షణ అధికారి ఎవరో అడిగి, వారితో ఒక గంట కూర్చొని మాట్లాడండి. ఇద్దరు తోబుట్టువులకు సిద్ధమా అన్న ప్రశ్నకు జవాబు ఆరోజే చెప్పనక్కరలేదు, గృహ అధ్యయనం పూర్తయ్యే లోపు చెప్పినా సరిపోతుంది.